చివరి గింజ పడేదాకా

మిస్ ఓడీల్ గారూ, పాస్టర్ గారూ, మిస్ వెర్లీన్ దగ్గర చదువుకున్న పిల్లలూ, ఆవిడతో కలిసి పనిచేసిన టీచర్లూ, అందరికీ నమస్కారం. పిల్లలూ అన్నాను. మీలో కొందరికి జుట్టు నెరిసింది, అయినా ఆవిడ లెక్కలో మీరు పిల్లలే. సోమవారం పూట పనులు మానుకుని వచ్చారు. మన ఊళ్లో సోమవారమంటే ఎర్ర చిక్కుడే కదా, వంటగదిలో ఆ గింజలు ఉడుకుతున్న వాసన వస్తోంది. ఆ వాసన వస్తుంటే, మిస్ వెర్లీన్ గిల్యోరీ ఇక లేరు అనడానికి నాకు నోరు రావడం లేదు.

లోపలికి వచ్చేటప్పుడు మిస్ ఓడీల్ మీ చేతుల్లో తలా ఒక ఎండు చిక్కుడు గింజ పెట్టారు. తన అక్క మిస్ వెర్లీన్ వంటింట్లోంచి తెచ్చిన గింజలవి. పారేయకండి. గుప్పిట్లోనే ఉంచుకోండి.

నా పేరు లూషన్ బర్తెలమీ. పదకొండేళ్లు ఆవిడ పక్క గదిలో పాఠం చెప్పాను. తర్వాత అదే బడికి వైస్ ప్రిన్సిపాల్‌నయ్యాను. ఇక్కడ మాట్లాడే అర్హత నాకుందా? లేదు. అందుకే మాట్లాడతానని అడిగాను.

ఆవిడ పాఠం ఎలా ఉండేది? ఒక ప్రశ్న అడిగేవారు. ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ గుప్పిట్లో ఒక గింజ. చేతులెత్తడం లేదు, నేను చెప్తా నేను చెప్తా అని అరవడం లేదు. జవాబు తోచినవాళ్లు గింజ బల్ల మీద పెట్టాలి, అంతే. చివరి గింజ పడేదాకా ఆవిడ నోరు విప్పేవారు కాదు. పడ్డాక కూడా మరి కాసేపు ఆగేవారు. దాన్ని కొసరు అనేవారు. బేకరీలో డజను బన్నులు కొంటే పదమూడోది చేతిలో పెడతారే, ఆ కొసరే. ఆ కొసరులో కొందరు పిల్లలు పెట్టిన గింజని మళ్లీ తీసేసుకునేవారు. తాము అనుకున్నది తప్పేమోనని వాళ్లకి అప్పుడు తోచేది. ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

పాత రోజుల్లో, అంటే వరదకి ముందు, పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. తరగతి గదుల్లో తిండి పదార్థాలు ఉంచరాదు, ఎలుకలు వస్తాయి. ఒక అధికారి స్వయంగా వచ్చి, పిల్లలు చూస్తుండగా, ఆవిడ సీసాలోని గింజలన్నీ చెత్తబుట్టలో పారబోశాడు. ఎలుకలు అంతకుముందూ ఉన్నాయి. ఆ తర్వాతా ఉన్నాయి. గింజలే లేవు.

తర్వాత వరద వచ్చింది. ఇళ్లు పోయాయి, మా అందరి ఉద్యోగాలూ పోయాయి. నీళ్లు తీశాక మన బడి భవనాన్ని ఒక సంస్థకి అప్పగించి చార్టర్ బడి అన్నారు. ఖర్చు ప్రజలది, పెత్తనం సంస్థది. గుర్తుందా, ఇదే హాల్లో ఎంత గొడవ పడ్డామో? ఆ రోజు ఆ బడి తరఫున లేచి మాట్లాడింది ఎవరు? మిస్ వెర్లీన్. అవును, ఆవిడే. ఇవాళ ఆవిడని చార్టర్ బడులకి శత్రువుగా చూపించాలనుకునేవాళ్లు ఈ గదిలో ఉన్నారు. వాళ్లు ఈ మాట మింగాల్సిందే. “నా గింజలు పారబోయని బడి ఏదైనా నాకు చాలు” అన్నారు.

మమ్మల్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. రెండేళ్లు నిజంగానే ఎవరూ పారబోయలేదు. కొత్తగా ఏమైనా చెయ్యండి అన్నారు, చెయ్యనిచ్చారు. ఒప్పందం మొదటి పేజీలో ఒక వాక్యం ఉండేది: ఇక్కడ కనిపెట్టిన కొత్త పద్ధతులని ఊళ్లోని ప్రభుత్వ బడులన్నిటితోనూ పంచుకుంటాం. మిస్ వెర్లీన్‌కి ఆ వాక్యం కంఠతా వచ్చు. ప్రార్థనలా చదివేవారు.

మూడో ఏడు కెమెరా వచ్చింది. సంస్థవాళ్లు ఆవిడ పాఠాలు వీడియో తీసుకుపోయి, ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టి, సగటు తీసి, ఆరు సెకన్లని తేల్చారు. గింజల బదులు సంస్థ రంగులో ప్లాస్టిక్ బిళ్లలు. గోడ మీద ఆరు సెకన్లకి గంట కొట్టే గడియారం. దానికొక గొప్ప పేరు. సంస్థ నడిపే పద్నాలుగు బడులకి పద్నాలుగు పుస్తకాలు. కొసరు సంగతి ఆ పుస్తకంలో ఉంది, వృథా సమయం అనే శీర్షిక కింద. మొదటి పేజీలో ఇంకో మాట: ఈ పద్ధతి సంస్థ ఆస్తి, బయటివారికి ఇవ్వరాదు. వీధికి అవతల ఉన్న ప్రభుత్వ బడి టీచరమ్మకి గుప్పెడు గింజలిచ్చి పద్ధతి చెప్పినందుకు, మిస్ వెర్లీన్‌కి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది.

చార్టర్ బడులు చదువులో కొత్తదనం తెస్తాయా అని పేపర్లవాళ్లు నన్ను అడుగుతుంటారు. తెస్తాయి బాబూ. ఆ బడి గుమ్మంలోంచి కొత్తదనం లోపలికి రావడం ఈ కళ్లతో చూశాను. బయటికి గెంటెయ్యడం కూడా చూశాను. పాత ఆఫీసు వద్దని చంపింది. కొత్త సంస్థ మెచ్చుకుని చంపింది. ఇందులో ఎవరిని నెత్తిన పెట్టుకోమంటారు?

ఇక నా సంగతి. నేను ఏ ఎండకా గొడుగు పట్టినవాణ్ణి. ఆవిడ పాఠానికి మార్కులు వెయ్యడానికి స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నది నేను.

ఆ రోజు ప్రశ్న, మూడో వంతు పెద్దదా, పావు పెద్దదా? గడియారం గంట కొట్టింది. ఆవిడ కదల్లేదు. బల్లల మీద బిళ్లలన్నీ పడ్డాయి, ఒక్కటి తప్ప. కియాండ్రా అని బక్క పిల్ల. ఇవాళ వచ్చింది, అదిగో, మూడో వరసలో, బస్సు డ్రైవరు యూనిఫాంలో. నిమిషం గడిచింది. రెండయ్యాయి. నా స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది. నాలుగు నిమిషాలకి బిళ్ల పెట్టి ఆ పిల్ల అన్నది మీరు వినాలి. “ఏ గిన్నెలోదో మీరు చెప్పలేదు కదా మిస్. మా పెద్దమ్మ గిన్నెలో పావు, మీ గిన్నెలో మూడో వంతు కంటే ఎక్కువ.”

అలాంటి జవాబు నా పాఠాల్లో నాకెప్పుడూ రాలేదు. కానీ నా కాగితంలో జవాబుకి గడి లేదు. ఆగిన సమయానికే ఉంది. ఆరు సెకన్లు ఉండాల్సిన చోట రెండు వందల నలభై రాశాను. ప్రమాణం అందుకోలేదు అని గీత పెట్టాను. అదే కాగితం చూపించి, మే నెలలో ఆవిడని తీసేశారు. ఆవిడ పద్ధతి ఆవిడకే రాదని. ఆ సంతకం నాది. మిస్ ఓడీల్, మీ ముందు చెబుతున్నాను, నాది.

గది ఖాళీ చేసే రోజు అట్టపెట్టె నేనే మోశాను, అదేదో పుణ్యమైనట్టు. కారు దగ్గర ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక గింజ తీసి నా చేతిలో పెట్టారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “ఇన్నేళ్లలో నా దగ్గర మీరంతా ఏం నేర్చుకున్నారు నాన్నా?” అని అడిగి, ఆగారు. అలా ఆగి నన్నే చూశారు. నేను ఫోను మోగిందని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. ఫోను మోగలేదు.

తొమ్మిదేళ్లయింది. ఆ గింజ ఇదిగో. ఆవిడ ఇంకా ఆగే ఉన్నారనుకున్నాను. ఎప్పుడైనా వెళ్లి చెప్పొచ్చులే అనుకున్నాను. పోయిన గురువారం ఫోను నిజంగానే మోగింది.

ఇలాంటి సభల్లో ఒక్క నిమిషం మౌనం అంటారు. ఆవిడకి నిమిషాలు కొలిచింది చాలు. దయచేసి అందరూ లేచి నిలబడండి. గడియారం ఎవరూ చూడకండి. ప్రశ్న ఆవిడ అడిగిందే. ఆవిడ దగ్గర మనం ఏం నేర్చుకున్నాం? జవాబు తోచినవాళ్లు వచ్చి ఇక్కడ ఆవిడ ఫోటో ముందున్న గిన్నెలో గింజ వేసి, వెళ్లి నిలబడండి. చివరి గింజ పడేదాకా ఎవరూ కూర్చోవద్దు, ఎవరూ మాట్లాడవద్దు.

ఆ చివరి గింజ నాదే అవుతుంది. ఆలస్యం కావచ్చు. ఆగండి.