నీమెలా వారింటి ఎర్ర చీటీ

నీమెలా వారింటి గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కు వేసిన తాళాన్ని ఎవరు తీశారు? మన కార్యాలయంలో ఇంతవరకూ ఎవరూ సమాధానమివ్వని ఈ ప్రశ్నతోనే మన సంస్థ పత్రికలో శ్రీమతి మార్లిస్ టాంగెన్ గారి పదవీ విరమణ అభినందనను ఆరంభించవలసి రావడం విచారకరం, అయినా అనివార్యం.

1989 అక్టోబరు 2న డులూత్‌లోని మన సంస్థలో గ్యాస్ ఫైర్‌ప్లేస్‌ల తనిఖీ ఉద్యోగినిగా చేరిన నాటి నుండి మార్లిస్ గారిది ఒకటే నియమం: ముందు ఫైర్‌ప్లేస్‌కు బిగించిన అద్దం విప్పాలి, ఆ తరువాతే మంట వెలిగించాలి. గుమ్మంలో నిలబడి మంటను చూసి సంతకం చేసే సంప్రదాయం సంస్థలో ప్రబలిన రోజుల్లోనూ ఆమె మోకాళ్ళపై కూర్చుని బర్నరు రంధ్రాలను శుభ్రపరిచారు, అద్దం చుట్టూ ఉన్న సీలును వేలితో తడిమి చూశారు, గోడ బయటి పొగగొట్టం మూతిపై గడ్డకట్టిన మంచును స్వయంగా తొలగించారు. ఈ శ్రద్ధకు పై అధికారులు పెట్టిన పేరు జాప్యం.

ఒక క్రిస్మస్ ముందురోజు ఉదయం ఆమె రాయ్ నీమెలా ఇంటికి వెళ్ళారు. ఆయన తల్లి, వృద్ధురాలైన ఐలీ గారు, మంట పక్కనే కుర్చీలో ఉన్నారు. అద్దం మసిబారి ఉంది.

"నిన్ననే తుడిచానండీ" అన్నాడు రాయ్. "లోపల అలంకారానికి పెట్టిన ఆ పింగాణీ దుంగలు కుప్పపోసినట్టున్నాయని అద్దం తీసి కాస్త అందంగా సర్దాను. అడవిలో మా క్యాబిన్ దగ్గర ఏరిన పైన్ కాయలు కూడా పేర్చాను. ఎలా ఉంది?"

"అందంగానే ఉంది. దుంగ మంటకు అడ్డం పడింది, సీలు చిరిగింది. విషవాయువు ఇంట్లోకే వస్తుంది. వెలిగించకూడదు."

"పండగ పూట మా అమ్మను చలిలో కూర్చోబెట్టమంటారా?"

"ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్ ఉంది కదండీ."

"నా తలనొప్పి సంగతి ఎవరూ అడగరేం?" అన్నారు ఐలీ గారు. "సాయంత్రమైతే చాలు, పట్టుకుంటుంది."

"ఇక్కడ కూర్చున్నప్పుడేనా?"

"ఇంకెక్కడ కూర్చోను తల్లీ? వీడి టీవీ ఇక్కడే ఏడిచింది కదా."

మార్లిస్ గారు గ్యాసు కట్టి, వాల్వుకు తాళం వేసి, వెలిగించరాదన్న ఎర్ర చీటీ కట్టారు. రాయ్ ఫిర్యాదు అందిన వెంటనే కార్యాలయం నుండి ఆమెకు ఫోను వచ్చింది.

"పాత కస్టమర్, గొడవెందుకు? తీసెయ్. లేదంటే నీ పనికి ఇంకొకరిని చూసుకుంటాం."

"చూసుకోండి" అని ఆమె ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నం అదే వీధిలో తిరిగి వస్తుండగా నీమెలా వారి గోడ పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి ఎగసిపడుతూ కనిపించింది. అంటే లోపల మంట మళ్ళీ వెలిగిందన్నమాట. ఆ తాళానికి మారు తాళంచెవి కార్యాలయంలో తప్ప మరెక్కడా లేదు. ఆమె వ్యాను ఆపి పరుగున వెళ్ళి తలుపు బాదారు.

"మీ వాళ్ళే వచ్చి వెలిగించారే" అన్నాడు రాయ్. "పేరు చెప్పలేదు. టోపీ మాత్రం మీ కంపెనీదే."

ఐలీ గారి తల పక్కకు వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. మార్లిస్ గారు గ్యాసు కట్టేసి, రాయ్‌తో కలిసి కుర్చీతో సహా ఆమెను వాకిట్లోకి మోశారు. సరస్సు మీది గాలి కోస్తోంది. రాయ్ అంబులెన్సుకు ఫోను చేశాడు. మార్లిస్ గారు ఆ ముదుసలి చెంపలు నిమురుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

చివరికి ఐలీ గారు కళ్ళు తెరిచారు. "ముందు సౌనాలో ఆవిరిస్నానం చేయించకుండానే మంచులోకి ఈడ్చారేంట్రా?"

ఈ సేవకు సంస్థ ఇచ్చిన ప్రతిఫలం, మార్లిస్ గారికి రెండు శీతాకాలాల గోదాము ఉద్యోగం. కారణం: ఆజ్ఞోల్లంఘన. తాళం తీయడానికి తాము ఎవరినీ పంపలేదని కార్యాలయం నేటికీ అంటోంది.

అరిగిన ఆ మోకాళ్ళకు ఇకనైనా విశ్రాంతి లభించుగాక. గడ్డకట్టిన సరస్సుపై తాను చేపలు పట్టే గుడిసెలో మార్లిస్ గారు సంపూర్ణారోగ్యంతో ఇంకా అనేక శీతాకాలాలు గడుపుదురుగాక.

తాళం తీసిన మీరు కూడా ఈ సంచిక చదువుతున్నారు. శుక్రవారం వీడ్కోలు విందు ముగిసి ఆమె కోటు తొడుక్కునేలోగా లేచి నిలబడండి. మీ పేరు చెప్పండి.