గేటు దగ్గర దొరికిన అన్న

కడప శివారులోని ఆ ఫ్యామిలీ పార్కులోకి ఒంటరి మగవాళ్లను రానివ్వరు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలుతున్న లేవిని చూసి, ముక్కూ మొహం తెలియని ఒకామె "మా అన్నే, రానియ్యప్పా" అంది. ఇద్దరూ చెట్ల మధ్య నడకదారి పట్టారు.

"నేనెవురో తెలీకుండానే అట్లెందుకు చెప్పినావమ్మా?"

"నడిచేకే కదన్నా వచ్చినావు. ఒక్కనివే వచ్చినావే?"

"ముందు మా ఇంటామె, నేను వచ్చేవాళ్లం. ఆమె పోయినంక రావడం ఇదే. ఆ మాట వాచ్‌మన్‌తో చెప్పేకి నోరు రాల్యా."

"ఆమెకు ఈడ ఏమిష్టం?"

"ఈ తంగేడు పూలు. కోయొద్దన్నా ఇనేది కాదు, కొంగులో దాచుకొనేది."

ఆమె నవ్వింది.

"నీకు అన్నదమ్ములుండారామ్మా?"

"ఒగడుండాడు, మైదుకూరులో. నేను చేసుకున్న పెండ్లి నచ్చక మాటలు మానేసినాడు. నోరారా అన్నా అని పిలిచి శానా ఏండ్లాయ."

అంతలోనే దారి తిరిగి గేటు కనిపించింది.

"అప్పుడే అయిపోయిందే. ఇంగ నేను పోతానన్నా. నువ్వు ఇంకో సుట్టు తిరుగు."

"నువ్వు పోతే నన్నూ పొమ్మంటారు లేమ్మా. పద."

ఆమె ఆగింది. పక్కనున్న బెంచీ మీద కూర్చొని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది.

"నాకు ఇంట్లో తొందరేముండాది. నేనీడే కూర్చుంటా. అది మీరిద్దురూ తిరిగిన దారి, ఈసారి నువ్వొక్కనివే పోయిరా అన్నా."