కురుమయ్య తిప్పిన తీగలు

పెద్దలారా, లైను మీద పనిచేసే తమ్ములారా, నర్వ నుంచి నడిచి వచ్చిన అమ్మలారా, బీరమ్మ చెల్లీ!

మక్తల్ పోస్టాఫీసు వాకిట్లో ఇంతమందిని ఇంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. మన లైన్‌మన్ కురుమయ్య పోయి నేటికి పన్నెండు రోజులు. కామెర్లు తీసుకుపోయాయి. పద్నాలుగేళ్లుగా ఈ టెలిఫోను బోర్డు ముందు కూర్చుని మీ మాటలు అటూ ఇటూ అందిస్తున్నవాణ్ణి. ఈ రామచంద్రానికి సొంతంగా మాట్లాడటం రాదు. ఓర్చుకోండి.

ఆయన గొప్పవాడని చెప్పడానికి నేను లేవలేదు. ఆయన చేసిన ఒక తప్పు చెప్పడానికి లేచాను. కోపం తెచ్చుకోకు బీరమ్మా, నీ పెనిమిటే దాన్ని పదిమందికీ చెప్పుకునేవాడు.

యాభై ఏడులో గాలివానకు స్తంభాలు ఒరిగాయి. కురుమయ్య అప్పుడే కొత్తగా పనిలో చేరాడు. పాలమూరు పోయే మన లైనుకు రెండు తీగలు. అవే స్తంభాల మీద నర్వ లైనుకు మరో రెండు. కొన్ని స్తంభాలకొకచోట మన తీగలు కుడిఎడమలు మార్చుకోవాలి. అట్లా మారుతూ పోతే పక్క లైను మాట రెండు తీగలకూ సమానంగా తగిలి చల్లారిపోతుంది. ఈ సంగతి కురుమయ్యకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. జొన్న చేలో గొర్రు పట్టిన చేతులవి. సాలు వంకర పోతే ఊరంతా నవ్వే నేల మనది. ఆ మెలికలు గాలికి పడ్డాయనుకున్నాడు. తొమ్మిది చోట్ల విప్పి, సాలు తీసినట్లు తిన్నగా లాగి, నాకు చూపించి మురిశాడు. నేనూ భేష్ అన్నాను, బుద్ధిలేనివాణ్ణి!

ఆ నెలలోనే ఆయన బిడ్డ సైదమ్మ కాన్పుకు పాలమూరు దవాఖానలో చేరింది. కబురు కోసం తండ్రి నా బోర్డు పక్కన కూర్చున్నాడు. ఫోను వచ్చింది. నర్సు గొంతు సన్నగా ఉంది. దాని మీద పడి ఎవరో మగమనిషి ఏడుపు: "పిల్ల దక్కలే, జల్ది రాండ్రి." అంతే, కురుమయ్య ఫోను జారవిడిచాడు. ఇల్లంతా శోకాలు. కప్పడానికి కొత్త చీర కొన్నారు, లారీ పట్టుకున్నారు. పోయి చూస్తే సైదమ్మ మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది, ఒళ్లో కొడుకు!

మీరైతే ఏం చేసేవారు? నేనైతే మిఠాయి పంచేవాణ్ణి. కురుమయ్య తిరిగొచ్చి, ఆ ఏడుపు ఎవరిదని నన్నడిగాడు. చెప్పకూడదు, చెప్పాను. అది పక్క తీగల మీది నర్వ మాట; అక్కడ గోపమ్మ బిడ్డ పోతే ఆమె పెనిమిటి ఏడ్చిన ఏడుపు. "ఏడ్సింది నేను, పోయింది వాళ్ల బిడ్డ. మొకం సూపియ్యకుంటె ఎట్ల సార్?" అన్నాడు. నర్వ దాకా నడిచి, ఆ వాకిట్లో పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఆ గోపమ్మ ఇదిగో, ముందు వరుసలోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి, మెలికలు ఎవరు విప్పారని గద్దించాడు. గాలివాన మీదకు నెట్టెయ్యమని నేనే కన్ను గీటాను. "గాలి మీదికెందుకు సార్, నేనే ఇప్పిన," అన్నాడు కురుమయ్య. తొమ్మిది చోట్లా స్తంభాలెక్కి, ఒక్కొక్క మెలికా తన చేతులతోనే మళ్లీ తిప్పాడు. కొత్తగా వచ్చిన వాళ్లకు అదే చెప్పేవాడు: "సాలు సక్కగుండాలె, తీగ తిరుక్కుంట పోవాలె. ఒకల దుక్కం ఇంకొకల చెవుల పడొద్దు." తొమ్మిదేళ్లు పడనివ్వలేదు.

రోజూ పొద్దున్నే ఏదో ఒక స్తంభమెక్కి నన్ను పిలిచేవాడు. "ఇనొస్తాందా సార్? నడుమ ఇంకెవలన్న ఉన్నరా?" ఎవరూ లేరు కురుమయ్యా, నువ్వొక్కడివే అనేవాణ్ణి. పన్నెండు పొద్దుల నుంచి ఫోను చెవికి పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాను. లైను శుభ్రంగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎక్కడో ఒక మెలిక విడిపోతే బాగుండుననిపిస్తోంది. ఏ పక్క తీగ మీది నుంచో ఆ గొంతు ఒక్కసారి నా చెవిలో పడితే బాగుండుననిపిస్తోంది. పడదు. అంత గట్టిగా తిప్పి పోయాడు.

ఇక లేవండి. గోపమ్మా, బీరమ్మకు చెయ్యి అందించు. రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడవద్దు. లోపల బోర్డు మోగితే మోగనివ్వండి, నేను పోను.