చెయ్యి పెట్టని మిషను

ఆ మధ్యాహ్నం గౌరీశ్వరికి ఒళ్ళు మండిపోతోంది. పన్నెండు బ్లేడ్లు పొద్దున్నే ఇచ్చేస్తానని తిరుమలరావు ఒట్టేసి మరీ చెబితే, ఆ మాట పట్టుకుని తన జీడిపప్పు బట్టీలో ఎనిమిది బస్తాల పిక్కలు ఆవిరి పట్టించేసింది. ఆవిరి పట్టిన పిక్క రేపు పొద్దుటికల్లా కోతకెళ్ళకపోతే పప్పు పాడవుతుంది, ఇక పారబోసుకోవడమే. అక్కడ కోత మిషను పాత బ్లేడ్లు ఊడదీసి ఖాళీగా ఉంది. ఇక్కడ ఈ మహానుభావుడు పలాసలో తన లేత్ షెడ్డు షట్టరు దించేసి, ఎదురుగా బొడ్డమ్మ టీ బడ్డీలో బల్ల మీద కూర్చుని, ఆటో కామేశ్‌కి గొప్పలు చెప్పుకుంటున్నాడు.

“బ్లేడ్లేవిరా తిరుమలా?”

“వత్తన్నాయప్పా, లోపల మిషను కోత్తంది. నువ్వు కూకో. బొడ్డమ్మా, మా అప్పకో టీ. ఒరే కామేశూ, యాడున్నాం?”

“బోర్డు కాడ, మావా.”

“ఆఁ, బోర్డు. అరిసేతంత కంప్యూటర్రా! మా అయ్య నాటి మిల్లింగు మిషనుకి రెండు సక్రాలుంతాయి కదా, ఒకటి తిప్పితే బల్ల అటూ ఇటూ ఎల్తాది, ఇంకోటి తిప్పితే ముందుకీ ఎనక్కీ ఎల్తాది. ఆ రెండిటికీ సెరో మోటారూ కట్టీసి, బోర్డుకి తగిలించీసి, వంపు గీసిచ్చినానంటే అదే తిప్పుకుంతాది, అదే కోసుకుంతాది. కంపెనీవోడి కాడ కొనాలంతే లచ్చలు. నాకైతే నా పాత బండి అమ్మితే సరిపోనాది.”

ఇంతవరకూ నిజమే. కిందటి నెల గౌరీశ్వరి కళ్ళారా చూసింది, చూశాకే పని ఇచ్చింది. బ్లేడు వంపు జీడిపిక్క వంపుకి అతకకపోతే పప్పు విరక్కుండా గుండుగా రాదు, అంతా బద్దలూ ముక్కలే. తిరుమలరావుతో చిక్కేమిటంటే, నిజం అయిపోయిన చోట నోరు ఆపుకోవడం అతనికి చేతకాదు.

“ఎంత సన్నంగా కోత్తాదో ఎరుకా? మొన్న నా తలెంటిక ఒకటి పీకి బల్ల మీద బిగించినాను. నిలువునా మూడు పాయలు సేసీసింది. ఆ మూడు పాయల్నీ మా ఇంటిది జడల్లీసింది.”

“ఓలమ్మా!” అంది బొడ్డమ్మ టీ వడగడుతూ.

“మరేటనుకున్నావు! అది ఇనీసి ఓ పెద్దింజినీరు కారేసుకుని వచ్చీసినాడు. కొలిసినాడు, తేడా సున్నా. మళ్ళీ కొలిసినాడు, సున్నా కన్నా తక్కువొచ్చింది! ఆ కొలత సామానట్టుకెళ్ళి నౌపడ ఉప్పుమడిలో ఇసిరీసి, ఉజ్జోగం మానీసి ఎల్లిపోనాడు పాపం.”

“తిరుమలా, నా బ్లేడ్లు,” అంది గౌరీశ్వరి. “లోపల కోత్తంటే సప్పుడేదిరా?”

“అదే కదప్పా గొప్ప! సప్పుడొత్తే నా మిషనేటి?”

గౌరీశ్వరి నుదురు కొట్టుకుంది. బట్టీలో పన్నెండుమంది ఆడవాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఇంకో గంట చూసి వాళ్ళు ఇళ్ళకి లేచిపోతారు.

“ఆ తర్వాత ఏటయిందో ఎరుకా?” తిరుమలరావు భుజం మీది తువ్వాలు చేతులకి చుట్టుకుని, దాంతోనే టీ గ్లాసు పట్టుకున్నాడు. “గాలివానొచ్చింది. కరెంటు పోనాది. షెడ్డు రేకులు లేసిపోయి నందిగాంలో పడినాయి. నా మిషను ఆగిందేటి? ఆగలేదు! వాన సినుకులు మీద పడతంటే, పడిన సినుకుని పడినట్టు సైజు కట్టి కోసీసింది. వానెలిసినాక సూద్దును కదా, షెడ్డు నిండా ఒకటే కొలత సినుకులు, కుప్పలు కుప్పలు!”

“వాటినేటి సేసినావు మావా?” అన్నాడు కామేశ్.

“కొబ్బరి మొక్కలకి పోసీసినాను. ఇంకేటి సేత్తాను?”

“నీ నోట్లో మన్నడ,” అంది గౌరీశ్వరి.

“ఉండప్పా, అసలు సంగతి ఇప్పుడే. మొన్న సుమ్మాదేవిలో రైలాగిపోనాది. ఇంజన్లో ఏదో ముక్క ఇరిగిందంట. నాను ఆ రైల్లోనే ఉన్నాను. ఫోను తీసి బోర్డుకి కొలతలు పంపినాను. అది ముక్క కోసీసింది. మరి ఎలగొత్తాది?”

“నా ఆటోలోనా?”

“నీ ఆటో ఎప్పటికొచ్చేను! మిషనే బోల్టులు ఊడదీసుకుని, ముక్క నెత్తినెట్టుకుని, పట్టాలట్టుకుని పలాస నుంచి నడిసొచ్చీసింది! ముక్క బిగించింది, పచ్చజెండా ఊపింది, మళ్ళీ దానంతటదే వచ్చి షెడ్డులో నిలబడింది. నాను సెయ్యెట్టలేదు. నలభై రోజులయిందప్పా, ఆ మిషను మీద నాను సెయ్యేసి. నీ తోడు!”

గౌరీశ్వరి టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

“అయితే ఆ తువ్వాలు తియ్యి. సెయ్యి సాపు.”

“ఎందుకప్పా…”

“సాపరా!”

ఇరవై రెండేళ్ళుగా ప్రతి పొద్దూ ఆమె బట్టీ గుమ్మంలో నిలబడి చేతులు చూసే మనిషి. ఎవరు ఆముదం రాసుకోకుండా కోతకి కూర్చున్నారో, ఎవరికి పిక్క తొక్కలోని జీడిరసం అంటి కాలిందో, చూడగానే చెప్పేస్తుంది. తిరుమలరావు వేళ్ళ కొసలు నల్లగా మాడి పొట్టు లేచి ఉన్నాయి. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి.

“వేళ్ళకిది జీడిరసం. దేనికి రాసినావురా?”

తిరుమలరావు గొంతు తగ్గింది. “ఉప్పుగాలికి బోర్డు తుప్పట్టేత్తందని… మా తాత పడవకి రాసీవోడప్పా. ఎన్నేళ్ళయినా సెక్క పుచ్చీది కాదు.”

“పడవకి రాసింది కంప్యూటర్‌కి రాసినావు!”

“స్విచ్చెయ్యగానే పొగొచ్చీసింది.”

కామేశ్ పకపకా నవ్వాడు. బొడ్డమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. గౌరీశ్వరి మాత్రం ఆ బొబ్బల వంకే చూస్తోంది.

“మరి ఇయ్యేటి? రెండు సేతులికీ?”

అతను చేతులు మళ్ళీ తువ్వాల్లో దాచుకున్నాడు. ఆమె లేచి రోడ్డు దాటి షట్టరు ఎత్తింది, తిరుమలరావు వెనకే వచ్చాడు. మోటార్లూ బెల్టులూ ఊడదీసి ఓ మూల పడున్నాయి. మిషను చక్రాల పిడులకి రెండిటికీ గుడ్డ చుట్టుంది. పక్కన గోనెసంచి మీద బ్లేడ్లు వరసగా ఉన్నాయి, తొమ్మిది. రొంటిన ఎప్పుడూ ఉండే జీడిపిక్క తీసి ఒక్కో బ్లేడు వంపులో ఆనించి చూసింది. ఎక్కడా సందు లేదు.

“మొన్నటి నుంచి సేత్తోనే తిప్పినావా? రెండు సక్రాలూ ఒకేపాలి?”

“మాటిచ్చినాను కదప్పా. మరి తిప్పలేక, సెయ్యాడక, అలగొచ్చి కూకున్నాను.”

“ఈ వంపు సేత్తో తియ్యగలిగినోడు ఈ జిల్లాలో ఇంకోడున్నాడేటి? సచ్చినోడా, సెప్పుకుంతే ఇది సెప్పుకోవాలి! రైలుకెదురు నడిసొచ్చిన మిషను కతలెందుకురా?”

తిరుమలరావు అరచేతులు ఊదుకుంటూ అన్నాడు: “సేత్తో తీసినానంతే ఎవులు నమ్ముతారప్పా?”

ఆమె షట్టరు దగ్గరికి వచ్చింది. “బొడ్డమ్మా, ఆముదం ఉంతే ఇలా పట్రా!” అని రోడ్డవతలికి కేకేసింది. కామేశ్‌ని ఆటోలో బట్టీకి తరిమింది, రాత్రికి కోత ఉంది, ఎవరూ ఇళ్ళకి వెళ్ళొద్దని చెప్పమంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మిషను దగ్గర నిలబడింది.

“ఇంకా మూడున్నాయి. ఆ సక్రం నువ్వట్టు, ఇది నాను తిప్పుతాను. ఎంత తిప్పాలో అంతే సెప్పు.”

ఆముదం రాసుకున్న చేతులతో అతను పిడి పట్టుకున్నాడు. అర చుట్టు తిరిగిందో లేదో,

“అప్పా, ఒకపాలి ఏటయిందో ఎరుకా…”

“తిప్పు!”