సగం ఆట చూసినోళ్లు

—అవ్వా, ఫోన్ల తాత పాత ఫోటో పెట్టి అందరు కొట్లాడుతున్నరు. ఒకలేమో మస్తు ఫుట్‌బాల్ ప్లేయరు, రావల్సినంత పేరు రాలే అంటున్నరు. ఒకలేమో నడుచుడు తప్ప ఆయనకు ఏమొచ్చు అంటున్నరు. ఏది నిజమే?

రెండూ నిజమే బిడ్డా. గట్ల నిలవడి అడుగుతె ఏం చెప్త, కూసో. ఆ ఫోను ఏడవెడ్తవో పెట్టు. నా మాటలు పడ్తయా అండ్ల? పడ్తయంటవ్, సరే. తాత లోపట పన్నడు, మెల్లగ మాట్లాడుకుందాం. ఆయనకు చెవులు ఇనరావు గని, తన పేరు తీస్తె మాత్రం ఎట్లనో ఇనవడ్తది.

ఆ ఫోటో పెట్టింది మా ఓదెలన్న కొడుకు. ఓదెలన్న అంటె నా తోడవుట్టినోడు, నీకెరుకే గదా, చేతికర్ర పట్టుకొని మాపటీలి వచ్చి ఆ బల్ల మీద కూసుంటడు. ఆయన పక్కపొంటి కూసునేది పోశం బావ. చుట్టం గాదు, పాత క్వార్టర్లల మా పక్కింటాయన, పిలుపుకు బావ. ఈ ఇద్దరు నా గడపల కూసోని, నా చాయ్ తాగుకుంట, నా మొగని మీదనే కొట్లాడుతరు. నిన్నమొన్నటి సంది గాదు, మీ నాయిన పుట్టకముందటి సంది. మా అన్నేమో "రాజమల్లు అసొంటి బ్యాకు ఇటు రామగిరి సంది అటు మంచిర్యాల దాక లేడు" అంటడు. పోశం బావేమో "నీ చెల్లె మొగడు గదా, గట్లనే అంటవ్. నేను ఈ కండ్లతోని చూసిన. బాలు అటు పోతుంటె ఈయన మామిడితోటల తిరిగినట్టు తిరుగుతడు" అంటడు.

ఆయన ముంగటనే అంటరు! ఆయన నవ్వుతడు. నాకే మండుతది. చాయ్‌ల చక్కెర తక్కువేస్త పోశం బావకు. షుగరున్నది అంటడు గని, నేను ఏసేది కోపానికే.

ఇగ నీకు బొగ్గుబాయి సంగతి చెప్పకుంటె ఈ కొట్లాట అర్థం కాదు. తాత ఫిల్లరు. ఫిల్లరంటె బొగ్గు తట్టల ఎత్తి టబ్బులు నింపేటోడు. ఇప్పుడు అన్ని మిషన్లేనాయె, గప్పుడు అంత రెక్కల మీదనే. ఆట ఉన్న వారం అడుక్కోని మొదటి షిఫ్టు ఏపిచ్చుకునేటోడు. పొద్దుగాల ఏడింటికి బాయి దిగితె మూడింటికి పైకి వచ్చుడు. నాలుగింటికి ఆట. నడుమ తినుటానికి ఆగితె టబ్బులు ఎనుకవడ్తయని బుక్కెడు గూడ తినకపోవు. పొద్దుగాల నేను కట్టిచ్చిన టిపిను మాపటికి గట్లనే ఇంటికచ్చు. అందరికన్న ముందు పైకచ్చి, టోపీ లైటు లైటు రూముల ఇచ్చేసి, గా బొగ్గు మొఖంతోనే గ్రౌండుకు ఉరుకుడు.

పొద్దంత బాయిల బొగ్గెత్తినోనికి ఇంకెంతసేపు పనిచేస్తయి బిడ్డా కాళ్లు? సగం ఆట. మొదటి సగంల ఆయన దిక్కు బాలు వచ్చిందంటె ఇగ అంతే, అవతలోడు మల్ల ఆ దిక్కు రాకపోవు. ఇంటర్వెల్ అయినంక పిక్కలు పట్టుకపోయి నడుచుడే. ఆయన నడిచిండన్నది అబద్ధం గాదు. పోశం బావ అబద్ధాలాడడు, ఆ ముచ్చట చెప్పాలె.

మరి చూసినోళ్లన్న పూర్తిగ చూసిన్రా? మా అన్నది పంపుకాడ డ్యూటీ. బాయిల ఊరిన నీళ్లు తోడుడు. ఎప్పటికీ రాత్రే ఆయనకు. రాత్రి షిఫ్టోళ్లు పొద్దుగాల ఇంటికచ్చి పంటరు గని, రేకుల ఇండ్లు, ఆ ఉడుకకు నిద్ర యాడిది? పొద్దు జర వాలి, సల్లవడేయాళ్లకు కన్నంటుకుంటది. సరిగ్గ గప్పుడే ఆట మొదలు. మా అన్న, ఆయన తోటోళ్లు, ఆ వచ్చే నిద్రను ఇడిచిపెట్టి పోయి ముందటి వరుసల కూసునేది. ఇంటర్వెల్ అయినంక జరసేపన్న నడుం వాలుస్తమని లేచి ఇంటికి. గందుకే మా అన్న చూసింది ఉరికిన రాజమల్లును.

పోశం బావది లైటు రూము. ఎప్పటికీ పగటి డ్యూటీనే. బాయిల కెళ్లి వచ్చినోళ్ల లైట్లన్ని తిరిగి తీసుకోవాలె. ఆఖరి లైటు చేతికి రాలేదంటె ఇంకో మనిషి లోపటనే ఉన్నడన్నట్టు గదా, ఎట్ల కదులుతడు? అన్ని లైట్లచ్చి, తాళం ఏసి, సైకిలు తొక్కుకుంట వచ్చేవరకు రెండో సగం. గందుకే పోశం బావ చూసింది నడిచిన రాజమల్లును. మా బతుకులు గట్లుండె బిడ్డా. ఎవలకు ఏ షిఫ్టు పడితె వాళ్లకు గంతే లోకం.

నేనా? నేను రెండు సగాలూ చూడలే. నవ్వకు. నాలుగున్నరకు నల్లా వచ్చు, క్వార్టర్లందరికి ఒక్క నల్లా. బిందె వరుసల పెట్టి, నింపుకోని, ఇంట్ల పెట్టి, సత్తుగిన్నెల చల్ల అంబలి పోస్కోని గ్రౌండుకు పొయ్యేవరకు ఇంటర్వెల్. ఆయన గట్టు మీద కాళ్లు సాపుకొని కూసుండేది. ఒళ్లంత బొగ్గు, దాని మీద చెమట కారి గీతలు. అంబలి తాగి గిన్నె ఇచ్చి, "పో, ఇంట్ల పిల్లలున్నరు" అనేటోడు. పిల్లలంటె మీ పెద్దత్త. మల్ల ఈల ఊదంగనే నేను ఎనుకకు. గని నల్లాకాడ నిలవడితె గ్రౌండు మొత్తుకోలు ఇనవడేది. పొద్దు అటు గోదారి దిక్కు ఒరుగుతుండె, ఎండల బొగ్గుపొడి పసుపు తీర్గ మెరుస్తుండె, నీళ్ల సప్పుడుల ఆ మొత్తుకోలు కలిసిపోతుండె. కండ్లు మూసుకుంటె ఆట కనవడ్డట్టే ఉండేది నాకు. అక్కో, బిందె నిండిందే అని ఎవలో ఒకలు నన్ను కదిలిచ్చేటోళ్లు.

ఇగ అసలు ముచ్చట. ఒక యేడు మన బాయి టీం ఫైనల్‌కచ్చింది. అటు బసంత్‌నగర్ సిమెంటోళ్ల టీం. గప్పుడు మంచిగ ఆడినోళ్లను బాయిలకెళ్లి తీసి పైన డ్యూటీ ఇచ్చేటోళ్లు. పైన డ్యూటీ అంటె ఏందో నీకు తెల్వది బిడ్డా. ఎండల పనిచేసుడు. గాలి పీల్చుకుంట పనిచేసుడు. పెండ్లాం పొద్దుగాల్ల సంది సైరన్‌కు చెవులొగ్గి కూసోకుంట ఉండుడు. ఆ యేడు ఒకలిని తీస్తరట, బాయి పెద్దసారు సొంతంగ వచ్చి చూస్తడట. గని సారు ఆఫీసు అయినంక రావాలె గదా, ఎప్పుడచ్చినా రెండో సగానికే వచ్చి కుర్సీల కూసునేటోడు. ఇది అందరికెరుకే.

మీ నాయిన నా కడుపుల ఉన్నడు. పొద్దుగాల టిపిను చేతికిచ్చుకుంట ఒట్టు ఏపిచ్చుకున్న. "అయ్యా, ఇయ్యాల్ల మొదట్ల నడువు. కాళ్లు దాచుకో. సారు వచ్చినంక ఉరుకు. ఎవలేమన్నా పట్టిచ్చుకోకు." నా చేతుల చెయ్యేసి, సరే అన్నడు. నవ్వులాటకు గాదు, నిజంగనే అన్నడు. ఆయనకు మాత్రం పైకి రావాలని ఉండదా?

నల్లాకాడ నిలవడ్డ. ఈల ఇనవడ్డది. ఆట షురువైంది. జరసేపు ఏం సప్పుడు లేదు, నా పానం సల్లవడ్డది. నడుస్తున్నడు, మాట మీద ఉన్నడు అనుకున్న. గంతల్నే "రాజమల్లూ" అని లేచింది చూడు మొత్తుకోలు! మల్ల ఒక్కపారి. మల్ల. బిందె నిండి నా కాళ్ల మీదికెళ్లి నీళ్లు పోతున్నయి, నాకు సోయి లేదు. ఎనుక ఉన్నోళ్లు తిడుతున్నరు.

అంబలి పట్టుకొని పోయిన. గట్టు మీద కూసుండు, పిక్కలు రాయి తీర్గ గట్టివడ్డయి, ఒకడు నీళ్లు కొడుతున్నడు. "ఏందయ్యా, ఒట్టేసినవ్ గదా" అన్న. ఏడుపచ్చింది నాకు, అందరు చూస్తున్నా ఆగలే. ఆయన తల పైకెత్తి ముందటి వరుస దిక్కు చూపిచ్చిండు. "మీ అన్నను చూడు. కండ్లెట్లున్నయో చూడు. రాత్రంత పంపుకాడ మేలుకోని ఉన్నడు, కన్నంటే యాళ్లకు లేచి నా కోసమచ్చిండు. వాళ్ల నిద్ర చెడగొట్టి, వాళ్ల ముంగట నడువుమంటవా?" అన్నడు.

అంబలి గిన్నె ఆయన చేతుల పెట్టి, ఈల ఊదంగనే ఎనుకకు మల్లిన.

సారు వచ్చిండు, కుర్సీల కూసుండు, నడిచే మనిషిని చూసిండు. సారుది తప్పు గాదు, ఆయనకు కనవడ్డది గదే. గెలిచిన్రు. గోలు ఆయన టీమోడే మల్లేశం కొట్టిండు, కప్పు మల్లేశం ఎత్తిండు, పైన డ్యూటీ మల్లేశానికచ్చింది. మంచోడే పాపం, ఇంటికి మిఠాయి తెచ్చిచ్చి పోయిండు. తాత మాత్రం రిటైరయ్యే దాక బాయి దిగుతనే ఉన్నడు. ఆ దగ్గు ఇంటవ్ గదా రోజు, అది ఆ ఆటదే అంట నేను. ఎవలన్న పేరు రాలే, పేరు రాలే అంటె నాకు నవ్వస్తది. పేరెవనిక్కావాలె బిడ్డా? నాక్కావల్సింది ఆయనకు ఇంత ఎండ. అది దొరకలే.

మస్తు రోజులు మాట్లాడలే ఆయనతోని. మరి ఎప్పుడు మాట్లాడినవంటె... మీ నాయిన పుట్టిన్నాడు మాట్లాడిన. పిలగాన్ని ఎత్తుకోని, "మీ అన్నకు చూపిచ్చి వస్త" అని ఉరికిండు. మొదలు మా అన్నకే చూపియ్యాలె ఆయనకు, గట్లుంటడు.

ఇప్పటికీ ఒక కల వస్తది నాకు. కలల నల్లా బందు ఉంటది, సైరన్ మోగదు. మా అన్నకు నిద్ర రాదు, పోశం బావ చేతిల లైట్లుండయి, సారు గూడ పొద్దుగాల్లనే వచ్చి కూసుంటడు. అందరం ఒక్క వరుసల కూసుంటం. ఈయన కడిగిన మొఖంతోని వస్తడు. పూర్తి ఆట, మొదటి సంది ఆఖరి దాక. ఎవలు గెలుస్తరో గుర్తుండది, పొద్దు మాత్రం గూకదు.

ఆఁ, నిన్న మాపటి ముచ్చట చెప్పక పోతి. నిన్న ఆ ఫోటో చూసుకుంట ఇద్దరు మల్ల షురూ చేసిన్రు. పోశం బావ "నడుచుడు" అన్నడు. నాకు ఏమైందో ఏమో, చాయ్ గిలాస బల్ల మీద కొట్టి ఆ ఒట్టు సంగతి మొత్తం చెప్పిన. ఇన్నేండ్ల సంది ఎవలకు చెప్పలే. మా అన్న తల ఒంచుకున్నడు, తువ్వాలతోని కండ్లు ఒత్తుకున్నడు. పోశం బావ గిలాస పక్కకు జరిపిండు. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడన్నడు, తాత దిక్కు తిరిగి, గట్టిగ, ఇనవడాలని.

"రాజమల్లూ, అందరికన్న ముందు నీ లైటే వచ్చేది నా చేతికి. ఉడుకుడుకుగ ఉండేది. లైటు ఇచ్చి నువ్వు గేటు దిక్కు ఉరుకుతుంటె కిటికీల కెళ్లి చూసెటోన్ని. గట్ల ఉరికిన మనిషిని మల్ల యాడ చూడలే నేను. ఆటున్ననాడల్ల చూసిన. అది ఆటల లెక్కవెట్టలే."

తాతకు ఎంత ఇనవడ్డదో ఏమో. నవ్వి, "మల్ల ఎనుకకు పిలిచి ఇంకో టబ్బు నింపుమంటరేమోనని ఉరికిన తియ్" అన్నడు. ముగ్గురు ముసలోళ్లు ఒకటే నవ్వుడు. నవ్వి నవ్వి దగ్గచ్చింది ఈయనకు. నేను లోపటికి పోయి పోశం బావ గిలాసల ఇంత చక్కెరేసి తెచ్చిన. షుగరో గిగరో, ఒక్కనాటికి ఏంగాదు.

ఇయ్యాల్ల మాపటికి మల్ల కొట్లాడుతరు చూడు. కొట్లాడకుంటె వాళ్లకు పొద్దు వోదు.

అగో, లేచినట్టున్నడు తాత. ఆపు ఆ ఫోను. రేపు మంచిర్యాలల నీ ఇంటర్వ్యూ గదా, జల్ది లేచి జల్ది పో. ఇటు రా, తల ఒంచు. నిన్ను చూసెటోళ్లు మొదటి సంది చూడాలె బిడ్డా. వాళ్లకు యాళ్ల కాకుంటె, నువ్వు ఉరికిన తొవ్వల ఒక్క కిటికీ అన్న తెరిచి ఉండాలె.