పెంటకుప్ప పక్క మట్టి

మట్టి పరీక్షల గదిలో కోడలు రిపోర్టు చదివి, బల్లకి ఎదురుగా కూర్చున్న మామగారి వైపు అదోలా చూసింది.

“మామయ్యగారూ, నత్రజని నిండుగా ఉంది, భాస్వరం పొంగిపొర్లుతోంది. ఇంత బలమైన నేలలో పైరు మోకాలెత్తు దాటట్లేదంటే దిష్టి తగిలుంటుంది.”

“వెటకారమా అమ్మాయ్?”

“అసలీ మట్టి ఎక్కడ తవ్వారు?”

“మన చేలోనే. పెంటకుప్ప పక్కన.”

“మరి పైరు చస్తున్న చోట?”

“అక్కడంతా ఉప్పు తేలి తెల్లగా ఉంది. అది తెస్తే నీ తోటివాళ్ళ ముందు నా పరువేం కాను?”

“బాగుంది. జ్వరమొచ్చినవాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, పహిల్వాన్ని డాక్టరు దగ్గరికి తెచ్చారన్నమాట. ఈ రిపోర్టు నమ్ముకుంటే ఈసారి పంట కూడా పోయినట్టే.”

“నలుగురి ముందు ఉన్నదాంట్లో మంచిదే చూపిస్తాం కదమ్మా!”

“అయితే సంబంధం మాట్లాడేటప్పుడు మీ అబ్బాయి గురించి చెప్పిందంతా కూడా పెంటకుప్ప పక్క మట్టేనా?”

ఆయన ఖాళీ సంచి చంకన పెట్టుకుని గబుక్కున లేచాడు.

“ఆ తెల్లమట్టి రేపే తెస్తాను తల్లీ. వాడికి మాత్రం పరీక్షలు పెట్టకు. ఆ నేలకి ఎరువు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.”