బండవేషం నాడు వచ్చిన ఆఫీసరు

యాడికి సార్, అప్పుడే లేస్తా ఉండారు? కూసోండి. మజ్జిగ వస్తా ఉండాది. ఒళ్లంతా కుంకం పూసుకోనుండానని బెదిరిపోవద్దండి, నేను మునిరత్నాన్ని. ఈ టిఫినంగడి నాదే. మిద్దె మీద సోలారు పలకలు పెట్టించుకోని, మీటరు మార్చండి సామీ అని మీ కరెంటాఫీసు సుట్టూ తిరిగినోన్ని నేనే. ఇందాక వీధిలో మిమ్మల్ని నిలబెట్టి తిట్టినోన్ని గూడా నేనే.

అదేంది సార్, మొకం అట్ల పెట్టినారు? ఏ వూరు మీది? కాకినాడా? బదిలీ మీద వచ్చినారా? అదీ సంగతి, మీకు తెలీదు. మా తిరపతిలో గంగమ్మ జాతరప్పుడు ఇట్ల ఒళ్లంతా కుంకం పూసుకోని బండవేషం కడితే ఎవుర్నైనా తిట్టొచ్చు. తిట్టించుకున్నోళ్లు కోపం తెచ్చుకోకూడదు. ఎంత తిడితే అమ్మకు అంత సంతోసం.

మీరు సూస్తే ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, మెళ్లో కార్డు, సంకలో బ్యాగు. ఈ ఎండలో, ఈ జనంలో అట్ల తయారయ్యేది ఎవురు? ఎవుడో ఆఫీసరు వేషం కట్టినాడు, బలే కుదిరిందే అనుకున్నా. పోయినేడు మా వరదయ్య పోలీసు వేషం కడితే నిజం పోలీసే సెల్యూట్ కొట్టినాడు.

ఏమని తిట్టినానా? మర్యాదగా ఉండే ముక్క మాత్రం చెప్తా. గ్యాసు ఎడారి దేశం నుంచి ఓడలో రావాల, బొగ్గు ఇంగో దేశం నుంచి రావాల, నా మిద్దె మీద పడే ఎండకు మాత్రం నీ దయ రావాలంట్రా, అన్నాను. ఆ తర్వాత అనింది వదిలేయండి.

టీవీలో పెద్దాయనొకరు చెప్తా ఉండాడు. దేశమన్నాక ఒకర్నే నమ్ముకోకూడదంట, అందరి కాడా కొనాలంట, ఎవురితోనూ చెడిపోకూడదంట. నేను ఎప్పట్నుంచో చేసేది అదే కదా సార్. గ్యాసుకు పెంచలయ్య, కట్టెలకు వరదయ్య. వాళ్లిద్దరికీ గోడ తగాదా. పెంచలయ్య కాడ వరదయ్యను ఆడిపోసుకుంటా, వరదయ్య కాడ పెంచలయ్యను. పొద్దన్నే ఇద్దరికీ వేడి ఇడ్లీలు పోతాయి. ఇదే పని దేశం చేస్తే విధానం అంటారు. నేను చేస్తే మా ఇంటామె కోమలి, రెండు నాలికలోడా అంటాది.

అయినా ఏమాయ? గ్యాసు ఓడలొచ్చే సముద్రంలో ఏదో సందు మూసినారంట. ఆడ వాళ్లు కొట్టుకుంటే ఈడ నా పెనం చల్లారిపాయ. పెంచలయ్య చేతులెత్తేసినాడు. సరే, కట్టెలు పెడదామంటే ఆ పొగకు వెనక గదిలో మా పెద్దమ్మ తాయమ్మకు ఆయాసం. నన్నెత్తి పెంచిన మనిషి సార్. ఊపిరందక ఆమె గోడ పట్టుకోని నిలబడితే నాకు ఏడుపొచ్చింది. పొయ్యి ఆర్పేసినా. ఆ పొద్దు మూసిన అంగడి ఇంగా తెరవలేదు.

కోమలి గాజులే మిద్దెక్కి పలకలైనాయి. కరెంటు పొయ్యి కొని పెట్టినా. మీరు మీటరు బిగిస్తే గాని పలకల కరెంటు రాదు, లైను కరెంటుతో దోసెలేస్తే వచ్చింది బిల్లుకే చాలదు. పలకల కింద బల్లులు కాపురం పెట్టినాయి. పలకల లోపలి బిళ్లలు చైనావంట కదా అని ఎదురంగడి మునికృష్ణ ఎగతాళి చేస్తాడు. బిళ్ల యాడిదైతే ఏమప్పా, ఎండ తిరపతిదే కదా అన్నాను.

ఇప్పుడు మీరు తెచ్చిన మీటరు బిగించకుండా కోపంగా ఎనక్కి పోతే నన్నేం చేస్తారో అది వేరే. జాతర తిట్టుకు కోపగించుకున్న మనిషిని అమ్మ ఏం చేస్తాదో, నేను చెప్పగూడదు. కొత్తగా వచ్చినారు, పిలకాయలు గలవాళ్లు.

ఆ, అట్ల రండి. మెట్లు నున్నగా ఉంటాయి, గోడ పట్టుకోండి.

...

బిగించేసినారా? సీలు గూడా పడిపాయనా? చల్లగా ఉండాల సార్ మీరు. కోమలీ, పెనం పెట్టు. ఇదిగో, తొలి దోసె మీకే. దీనికి ఏ ఓడా రాలేదు, ఎవురి గోడ తగాదా లేదు. తినండి.

తింటా ఉండండి, ఒక మాట చెప్తా. మీరు సందు మొగదాల దిగినప్పుడే పోల్చుకున్నా. ఆ నల్లద్దాలు మీ వరండాలో ఎన్నిసార్లు సూళ్లేదు? నువ్వు రేపు రావయ్యా అని మీరన్నప్పుడల్లా నేను మింగిన మాటలన్నీ ఈడ, గొంతులోనే ఉన్నాయి. మీటరు రాకముందు తిడితే మీటరు రాదు. వచ్చినాక తిడితే కృతజ్ఞత లేనోడంటారు. అందుకే మిమ్మల్ని సూస్తానే లోపలికి పరిగెత్తి, మిగిలిన కుంకం పూసుకోని వచ్చినా.

మిగిలిన కుంకమంటే, బండవేషం నాటిది సార్. అది మొన్ననే అయిపాయ. జాతరలో రోజుకో వేషం, ఈ పొద్దు దొరవేషం. ఈ పొద్దు మా వూళ్లో ఎవురూ ఎవుర్నీ తిట్టరు.

మీకు తెలీదులే, కాకినాడ కదా. అమ్మకైతే తెలుసు. ఆమెతో నేను మాట్లాడుకుంటాలే. ఇంగో దోసె వేయమంటారా?